ఇంట్లోనే మెటబాలిక్ హెల్త్, 4వ పాఠం: తినకముందు ఒక చుక్క, తిన్నాక ఒక చుక్క

క్రితం పాఠంలో టేపు పట్టుకుని నడుము కొలుచుకున్నాం కదా, చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ సరిగ్గా మధ్యలో, గాలి మామూలుగా వదిలేశాక, పొట్ట లోపలికి పీల్చకుండా. మన వాళ్ళకి మగవాళ్ళయితే 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళయితే 80, అది దాటితే జాగ్రత్త పడాలి అనుకున్నాం. ఆ నంబరు ఇంకా నోట్‌బుక్‌లో ఎక్కించని వాళ్ళు ముందు ఆ పని చేసుకుని రండి, రెండు నిమిషాలే పడుతుంది.

ఇవాళ నేర్చుకునేది వేలి చుక్కతో రక్తంలో సుగర్ చూసే గ్లూకోమీటర్‌తో జంట రీడింగు తీయడం. జంట అంటే భోజనానికి ముందు ఒకటి, మొదటి ముద్ద నోట్లో పెట్టిన టైం నుంచి సరిగ్గా రెండు గంటలకి ఇంకోటి. ఒక్క రీడింగు చూసి ఏదీ తేల్చుకోవద్దు అని నేను ఇంత గట్టిగా చెప్పడానికి మా ఇంట్లో జరిగిందే కారణం. రెండేళ్ళ కిందట ఇద్దరం పరగడుపున చూసుకుంటే నాకు 112, మా ఆవిడకి 94 వచ్చింది, ఇంకేముంది, ఇల్లంతా నా గురించే కంగారు, నాకే జొన్న రొట్టెలు, నాకే వాకింగ్, తనకి మాత్రం నీకేం పర్లేదులే అనేశాం. చాలా నెలల తర్వాత ఒక రోజు ఊరికే తిన్నాక చూద్దాం అని చూస్తే నాకు 138, తనకి 171. అన్ని నెలలూ తనని పట్టించుకోకుండా వదిలేశామే అని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తర్వాత చదివితే తెలిసింది, ఇది మా ఇంటి వింత కాదు. సుగర్ రాబోయే దశలో మగవాళ్ళలో పరగడుపు నంబరు పెరగడం ఎక్కువ కనిపిస్తుంది, ఆడవాళ్ళలో తిన్నాక లేదా గ్లూకోజ్ తాగించాక వచ్చే నంబరు పెరగడం ఎక్కువ కనిపిస్తుంది. అందుకు ఒక కారణం చాలా సింపుల్. ల్యాబులో గ్లూకోజ్ టెస్టుకి ఆరడుగుల మనిషికీ 75 గ్రాములే, ఐదడుగుల మనిషికీ 75 గ్రాములే కలిపి ఇస్తారు. చిన్న ఒళ్ళు, తక్కువ కండ, కానీ అదే గ్లూకోజ్. మన ఇంట్లో అన్నం గరిటె కూడా అంతే కదా, ఇద్దరికీ అదే గరిటె, అవే రెండు సార్లు. కాబట్టి ఆడవాళ్ళు పరగడుపు బాగుంది కదా అని ఊరుకోవద్దు, తిన్నాక రీడింగు తప్పకుండా తీయండి. ప్రెగ్నెన్సీలో సుగర్ వచ్చి డెలివరీ అయ్యాక పోయిన వాళ్ళు, పీసీఓఎస్, అంటే హార్మోన్ల తేడాతో నెలసరి సరిగ్గా రాని సమస్య, ఉన్న వాళ్ళు అయితే మరీ, ఎందుకంటే వీళ్ళకి తర్వాత సుగర్ వచ్చే అవకాశం మిగతా వాళ్ళ కంటే బాగా ఎక్కువ.

ఇక తీసే పద్ధతి. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టుకోండి, మామిడిపండు కోసిన చేత్తో చుక్క తీస్తే రీడింగు అబద్ధం చెప్తుంది. వేలి మధ్యలో కాదు, పక్కన గుచ్చండి, నొప్పి తక్కువ. మంచి మీటర్‌కి కూడా ఇటు అటు 15 శాతం దాకా తేడా ఉండొచ్చు కాబట్టి 128కీ 136కీ మధ్య ఏదో జరిగిపోయిందని లెక్కలు వేసుకోవద్దు. మొదటి మూడు రోజులు ఏమీ మార్చకుండా మీరు రోజూ తినే మధ్యాహ్నం భోజనమే తిని జంట రీడింగులు రాయండి, మంచి నంబరు రావాలని ఆ మూడు రోజులూ తక్కువ తిన్నారంటే ఈ పాఠం మొత్తం వేస్ట్ అయిపోతుంది. సుగర్ లేని మనిషికి రెండు గంటలకి 140 లోపు ఉండాలి. మళ్ళీ మళ్ళీ దాటుతుంటే మీటర్ మీద ఆధారపడకుండా ల్యాబులో మూడు నెలల సగటు సుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించుకోండి, 5.7 నుంచి 6.4 శాతం దాకా అంటే ప్రీడయాబెటిస్, అదే సుగర్ రాబోయే దశ.

నాలుగో రోజు నుంచి ప్లేటులో ఒకే మార్పు. అన్నం సగానికి దించి, ఆ ఖాళీలో పప్పు, కూర, గుడ్డో చేపో పెట్టండి, తినే వరస కూడా మార్చండి, ముందు కూర, పప్పు తిన్నాకే అన్నం కలుపుకోండి. కూరలూ ప్రొటీనూ ముందు వెళ్తే తర్వాత వెళ్ళిన అన్నం మెల్లగా అరుగుతుంది, సుగర్ ఒక్కసారిగా పైకి లేవదు. పప్పు తింటున్నాం కదా అనే వాళ్ళు ఒకసారి తూకం వేసి చూడండి, 30 గ్రాముల పచ్చి కందిపప్పులో 6, 7 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, అంటే ఒక గుడ్డంత. 60 కేజీల మనిషికి రోజుకి సుమారు 50 గ్రాములు కావాలని మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క. నలుగురికి ఒక చిన్న గ్లాసు పప్పు వేసి నీళ్ళు పోసి సాగదీస్తే ఎవరికీ సరిపోదు. అందరూ తిన్నాక చివర్లో తినే ఆవిడకి కూర అయిపోయి అన్నం, పచ్చడి, మజ్జిగ మిగులుతుంది చూడండి, తిన్నాక 171 అక్కడి నుంచి కూడా వస్తుంది. దయచేసి ఆవిడ వాటా పప్పు, గుడ్డు ముందే తీసి మూత పెట్టండి.

ఏడో రోజు నుంచి ప్లేటు అలాగే ఉంచి నడక కలపండి. తినగానే కూర్చోకుండా 10 నిమిషాలు, వీధిలో కుదరకపోతే డాబా మీద. కండరం కదులుతున్నప్పుడు ఇన్సులిన్ కోసం ఎదురు చూడకుండా రక్తంలోంచి గ్లూకోజ్ లాక్కుంటుంది, ఇన్సులిన్ సరిగ్గా పని చేయని ఒంట్లో కూడా ఈ దారి తెరిచే ఉంటుంది, నాకు ఈ మొత్తం సబ్జెక్టులో అన్నిటికంటే ధైర్యం ఇచ్చే విషయం ఇదే. 2016లో న్యూజిలాండ్‌లో సుగర్ ఉన్న వాళ్ళ మీద చేసిన స్టడీలో రోజుకి ఒకేసారి 30 నిమిషాలు నడవడం కంటే ప్రతి భోజనం తర్వాత 10 నిమిషాలు నడిస్తే తిన్నాక సుగర్ 12 శాతం తక్కువ ఉంది, రాత్రి భోజనం తర్వాత అయితే 22 శాతం. ఒక్క జాగ్రత్త, ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి సుగర్ తగ్గించే మాత్రలు గానీ వాడే వాళ్ళు అన్నం తగ్గించి నడక పెంచితే సుగర్ మరీ పడిపోవచ్చు, ఈ రెండూ మొదలు పెట్టే ముందే డాక్టర్‌తో మాట్లాడండి.

బరువు తగ్గట్లేదు కదా ఇదంతా ఎందుకు అని రెండో వారానికే మానేసే వాళ్ళు చాలామంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ టీం ప్రీడయాబెటిస్ ఉన్న 531 మంది మీద చేసి 2006లో ప్రచురించిన స్టడీ ఒకటుంది. మూడేళ్ళలో ప్రత్యేకంగా ఏ మార్పూ చేయించని వాళ్ళలో 55 శాతం మందికి సుగర్ వస్తే, తిండి మార్చి నడిచిన వాళ్ళలో 39 శాతం మందికే వచ్చింది. ఆ నడిచిన వాళ్ళ బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు, అయినా సుగర్ చాలామందికి ఆగింది. అందుకే ఈ నెల బరువు కాలమ్ పెట్టొద్దు అంటున్నాను.

మగవాళ్ళకి కొవ్వు పొట్ట లోపల, లివర్ చుట్టూ చేరుతుంది, ఎక్సర్‌సైజ్‌కి కరగడంలో కూడా అదే కాస్త ముందు ఉంటుంది, అందుకే వాళ్ళకి బెల్టు రంధ్రం త్వరగా మారుతుంది. ఆడవాళ్ళకి తుంటి, తొడల దగ్గర చేరే కొవ్వు అంత హాని చేసేది కాదు, అది తగ్గలేదని బాధపడొద్దు. కానీ నెలసరి ఆగాక ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ పడిపోయి కొవ్వు పొట్టలోకి మారడం మొదలవుతుంది, కండ కూడా తగ్గుతుంది. పొద్దస్తమానం ఇంటి పని చేస్తున్నాం కదా అంటారు, అలసట నిజమే, కాదనను, కానీ ఆ పని కండని పెంచేంత బరువు పెట్టదు. అందుకని వారానికి రెండు రోజులు చేతులు వాడకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడని రెండు చేతులతో పదిసార్లు నెట్టడం, ఇలా మూడు విడతలు చేయండి. మోకాలి నొప్పి ఉంటే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి.

హోంవర్క్: నోట్‌బుక్‌లో ఇంట్లో ఒక్కొక్కరికి వేరే పేజీ, తేదీ, ఏం తిన్నారు, తినకముందు, రెండు గంటలకి, నడిచారా లేదా. పది రోజులు, మధ్యాహ్నం భోజనం ఒక్కదానికే, అంటే మనిషికి 20 స్ట్రిప్పులు. 5వ పాఠంలో పరగడుపు నంబరు రాత్రి తిండి వల్ల పెరుగుతోందా, నిద్ర వల్లా అని విడదీసి చూడటం నేర్చుకుందాం.