బ్రిటన్‌లో ఆన్‌లైన్ క్యాసినో: వైట్ లేబులా, అఫిలియేటా? దేనికి ఎక్కడ దరఖాస్తు చేయాలి

సొంత క్యాసినో సైటు పెట్టాలా, లేక వేరేవాళ్ల క్యాసినోకు ఆటగాళ్లను పంపి వాటా తీసుకోవాలా అని ఆలోచిస్తుంటే, లాభం లెక్క వేసే ముందు ఒక్కటి అడగండి: లైసెన్స్ ఎవరి పేరు మీద ఉంటుంది?

వైట్ లేబుల్‌లో సైటు పేరు, లోగో, ప్రచారం మీవి. ఆటలు, ఆటగాళ్ల ఖాతాలు, చెల్లింపులు, లైసెన్స్ మరో కంపెనీవి. "సొంత క్యాసినో" అని అమ్మే ప్యాకేజీలో చాలాసార్లు మీ చేతికి వచ్చేది పేరు ఒక్కటే. అఫిలియేట్‌లో ఆ పేరు కూడా ఉండదు. మీ వెబ్‌సైటులో లింకు నొక్కి వెళ్లిన ఆటగాడిని బట్టి డబ్బు వస్తుంది, అంతే.

వైట్ లేబుల్‌కు

బ్రిటన్‌లో జూదానికి 2005 నాటి గ్యాంబ్లింగ్ చట్టం ఆధారం. 2014లో వచ్చిన మార్పు తర్వాత, సర్వరు ఏ దేశంలో ఉన్నా, బ్రిటన్ ఆటగాళ్లను తీసుకోవాలంటే బర్మింగ్‌హామ్‌లోని గ్యాంబ్లింగ్ కమిషన్ లైసెన్స్ ఉండాలి. వైట్ లేబుల్‌లో ఆ లైసెన్స్ ఎదుటి కంపెనీది కాబట్టి మీరు కమిషన్‌కు దరఖాస్తు పెట్టరు, ఆ కంపెనీకే పెడతారు. కంపెనీ రిజిస్ట్రేషన్, అసలు యజమానుల గుర్తింపు, పెట్టుబడి ఎక్కడి నుంచి వచ్చిందో చూపే బ్యాంకు స్టేట్‌మెంట్లు, ప్రచార ప్రణాళిక సిద్ధంగా ఉంచుకోండి. ఇవేవీ అడగకుండా సంతకం పెట్టమంటే ఆ ఒప్పందం వదిలేయండి. భాగస్వాముల తప్పులకు లైసెన్స్ ఉన్నవాళ్లే కమిషన్‌కు జవాబు చెప్పాలి. 2025లో వైట్ లేబుల్ వ్యాపారం చేసే టీజీపీ యూరప్, 33 లక్షల పౌండ్ల జరిమానా ఎదురైనప్పుడు లైసెన్స్‌నే వదులుకుంది. అలా జరిగితే పైన ఉన్న పేరు మీదైనా సరే, సైటు మూతపడుతుంది.

ఒప్పందంలో మూడు చోట్ల నెమ్మదిగా చదవాలి. ఆటగాళ్ల జాబితా ఎవరిది? విడిపోతే అది మీతో రాకపోతే, ఏళ్ల తరబడి పెట్టిన ప్రచార ఖర్చు ఎదుటివాళ్లకు మిగిలిపోయినట్టే. ఒక నెల ఆటగాళ్లు ఎక్కువ గెలిస్తే ఆ నష్టాన్ని మీ తర్వాతి నెల వాటాలో కోస్తారా? ఇక పన్నులు మీ వాటాకు ముందే తీస్తారా, తర్వాతా? క్యాసినో లాభంపై రిమోట్ గేమింగ్ సుంకం 21 శాతంగా ఉండేది, 2026 ఏప్రిల్ నుంచి 40 శాతం. దానికి తోడు 2025 నుంచి ఆన్‌లైన్ క్యాసినోలు పందేల మొత్తంలో గెలుపులు పోగా మిగిలినదానిపై 1.1 శాతం లెవీ (తప్పనిసరి రుసుము) కూడా కడుతున్నాయి. పాత సుంకంతో వేసిన లాభాల పట్టిక చూపిస్తే నమ్మకండి.

సొంత లైసెన్సే కావాలనుకుంటే దరఖాస్తు కమిషన్ వెబ్‌సైటులో ఆన్‌లైన్‌లోనే. వ్యాపార ప్రణాళిక, యాజమాన్య పటం, నిధుల ఆధారాలు, మనీ లాండరింగ్ నివారణ విధానం, ముఖ్య బాధ్యతల్లో ఉన్నవాళ్ల వ్యక్తిగత వివరాలు జత చేయాలి. రుసుము మీరు అంచనా వేసిన ఏడాది రాబడిని బట్టి ఉంటుంది. పరిశీలనకు 16 వారాల దాకా పట్టొచ్చు. లైసెన్స్ వచ్చాక 30 రోజుల్లో మొదటి వార్షిక రుసుము కట్టాలి. సైటు తెరవడానికి ముందే గామ్‌స్టాప్‌తో (GAMSTOP) అనుసంధానం తప్పనిసరి. ఆట మానేయాలనుకునేవాళ్లు అన్ని సైట్లకూ ఒకేసారి దూరమయ్యే ఏర్పాటు అది. దయచేసి దీన్ని కేవలం కాగితం పనిగా చూడకండి, అవతల నిజంగా మునిగిపోతున్న కుటుంబాలు ఉంటాయి.

అఫిలియేట్‌కు

దీనికి లైసెన్స్ అక్కర్లేదు. లైసెన్స్ ఉన్న క్యాసినో నడిపే అఫిలియేట్ పథకంలో నమోదు చేసుకోవాలి. ముందుగా ఆ క్యాసినో పేరు కమిషన్ పబ్లిక్ రిజిస్టర్‌లో ఉందో లేదో చూడండి. ఏడాదికి 1,000 పౌండ్లకు మించి వ్యాపార ఆదాయం వస్తే, ఆ పన్ను సంవత్సరం ముగిశాక వచ్చే అక్టోబరు 5లోపు పన్నుల శాఖకు తెలియజేయాలి. ప్రకటన అని స్పష్టంగా రాయాలి. పిల్లలను గట్టిగా ఆకర్షించే క్రికెట్ స్టార్ల బొమ్మలు వాడకూడదు. ప్రకటనలో ముఖ్యంగా కనిపించే వ్యక్తికి 25 ఏళ్లు నిండి ఉండాలి. అఫిలియేట్ల తప్పుకూ క్యాసినోనే శిక్షిస్తారు. 2018లో ఆన్‌లైన్ క్యాసినో కంపెనీ లియోవెగాస్‌కు 6 లక్షల పౌండ్ల జరిమానా పడింది, దానికి కారణాల్లో అఫిలియేట్ల తప్పుడు ప్రకటనలు ఒకటి. అంతకుముందు ఏడాదే బెట్టింగ్ కంపెనీ స్కై బెట్ తన అఫిలియేట్ పథకాన్ని మొత్తంగా మూసేసింది. అందుకే ఒక్క క్యాసినో మీదే ఆధారపడితే కష్టం.

నా మాట అడిగితే, కొద్ది పెట్టుబడి ఉన్నవాళ్లకు అఫిలియేటే నయం. పోయినా పోయేది తక్కువ, వెబ్‌సైటు మీ దగ్గరే ఉంటుంది.

వీసా సంగతి మరవద్దు. స్టూడెంట్ వీసాపై స్వయం ఉపాధికి అనుమతి లేదు. స్కిల్డ్ వర్కర్ వీసా ఉన్నవాళ్లు సంతకం పెట్టేముందు ఇమ్మిగ్రేషన్ లాయరును అడగాలి.

ఇండియాకు లింకులు పంపడం అసలే వద్దు. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బుతో ఆడే ఆటలను నిషేధించింది. విదేశాల నుంచి నడిపే సైట్లకూ ఇది వర్తిస్తుంది. అలాంటి ఆట నడిపితే 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటన చేస్తే 2 ఏళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న స్నేహితుల వాట్సాప్ గ్రూపులో మీ లింకు పెట్టడం కూడా ప్రకటన కిందకే రావచ్చు.