పాత షెవ్రోలె పికప్‌లో బ్రేకులు సరిగ్గా పట్టడం లేదా? లోపం ఎక్కడుందో ఇలా కనిపెట్టండి

1950ల తొలినాళ్ల షెవ్రోలె 3100 పికప్‌లో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. అంటే చక్రంతో పాటు తిరిగే గిన్నెలాంటి డ్రమ్మును షూలు అనే వంపు ముక్కలు లోపలి నుంచి ఒత్తి ఆపుతాయి. 1951 మోడల్ నుంచి ఈ బండ్లలో బెండిక్స్ కంపెనీ రకం బ్రేకులు వచ్చాయి. పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ ఒక్కటే, అన్ని పైపులకూ ఆయిల్ అందులోంచే వెళ్తుంది. ఒక్కచోట కారినా నాలుగు బ్రేకులూ పోతాయి. అందుకే చక్రం లోపలివైపు తడి కనిపించిందంటే బండిని పక్కన పెట్టాల్సిందే.

బ్రేకు పట్టట్లేదనగానే షూలు, సిలిండర్లు అన్నీ కొనేయకండి. ముందు పెడల్ తొక్కి చూడండి, సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

1. పెడల్ పరీక్ష

మొదటిసారి తొక్కితే కిందిదాకా దిగి, వెంటనే మళ్లీ తొక్కితే పైనే గట్టిగా పట్టిందా? షూకీ డ్రమ్ముకీ మధ్య గ్యాప్ పెరిగిందన్నమాట. ఈ బండ్లలో అది దానంతటదే సర్దుకోదు, చేత్తో బిగించాలి. పెడల్ మెత్తగా ఉంటే లైన్లో ఎయిర్ చేరింది. తొక్కి పట్టుకున్నప్పుడు మెల్లగా జారుతూ, బయట ఎక్కడా తడి లేకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పును అనుమానించండి. బ్రేకు వేసినప్పుడు పెడల్ కాలి కింద కొట్టుకుంటుంటే డ్రమ్ము గుండ్రం తప్పింది, లేత్ పని అవసరం.

ఆయిల్ మట్టం కూడా చూడండి. మాస్టర్ సిలిండర్ క్యాబిన్ ఫ్లోర్ కింద ఉంటుంది కాబట్టి చాలామంది దాని జోలికే వెళ్లరు. మూత తీసేముందు చుట్టూ ఉన్న మట్టి శుభ్రంగా తుడవండి.

2. డ్రమ్ము విప్పడం

వెనక చక్రాలు లేపేటప్పుడు ముందు చక్రాలకు చెక్కలు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, స్టాండ్లు తప్పనిసరి. డ్రమ్ము రాకపోతే సుత్తితో బాదకుండా, అడ్జస్టర్ రంధ్రంలోంచి స్టార్ వీల్ (షూలను డ్రమ్ముకు దగ్గరగా, దూరంగా జరిపే పళ్ల చక్రం) వదులు చేయండి. షూ మీద రాపిడి పొరగా ఉండే పాత లైనర్లలో, పీలిస్తే హాని చేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు. దుమ్మును గాలితో ఊదొద్దు, తడిపి తుడవండి.

లైనర్ తడిగా ఉంటే వీల్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో షూలను నెట్టే చిన్న సిలిండర్) మీది రబ్బరు తొడుగు అంచు మెల్లగా పైకెత్తండి. లోపల ఆయిల్ ఉంటే సిలిండర్ కారుతోంది. వెనక చక్రం దగ్గర చిక్కగా, ఘాటు వాసనతో ఉంటే అది గేర్ ఆయిల్, పోయింది యాక్సిల్ సీలు. నూనె పీల్చిన లైనర్ కడిగినా బాగుపడదు. మార్చేటప్పుడు రెండు పక్కలా కలిపి మార్చండి. పొట్టి లైనర్ ఉన్న షూ బండి ముందువైపుకు రావాలి. ఇది తారుమారైన బండ్లు చాలానే కనిపిస్తాయి.

3. బండి ఒక పక్కకు లాగినా, చక్రం జామైనా

బ్రేకు వేస్తే ఎడమకు లాగుతుంటే ఎడమవైపే చూసి ఆగకండి, కుడి ముందు చక్రం పని చేయకపోయినా అలాగే లాగుతుంది.

చక్రం జామై ఉంటే మాస్టర్ సిలిండర్ దగ్గరి పైపు నట్టు కొంచెం వదులు చేయండి. చక్రం తిరిగితే లోపం పెడల్ రాడ్డులోనో మాస్టర్ సిలిండర్‌లోనో ఉంది. పెడల్ తొక్కగానే పైన కొద్దిగా వదులుగా కదిలే ఆట ఉందో లేదో చూడండి. తిరగకపోతే నట్టు బిగించి, ఆ చక్రం బ్లీడర్ (ఎయిర్, ఆయిల్ బయటికి వదిలే చిన్న స్క్రూ) తెరవండి. ఇప్పుడు వదిలిందంటే రబ్బరు హోస్ లోపల మూసుకుపోయింది, పైకి కొత్తదానిలా ఉన్నా సరే మార్చేయండి. అప్పటికీ వదలకపోతే స్ప్రింగులు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ చూడండి.

4. బిగించడం, ఎయిర్ తీయడం

చక్రం చేత్తో తిరగనంత వరకు స్టార్ వీల్ బిగించి, స్వేచ్ఛగా తిరిగేదాకా వెనక్కి తిప్పండి. తర్వాత కుడి వెనక, ఎడమ వెనక, కుడి ముందు, ఎడమ ముందు వరుసలో బ్లీడర్ల ద్వారా ఎయిర్ తీయండి. డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ వాడే బండిలో సిలికాన్ రకం డాట్ 5 ఆయిల్ కలపొద్దు. ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి.

ఖాళీ స్థలంలో, నెమ్మదిగా కొంత దూరం నడిపి ఆపండి. ఒక్కో డ్రమ్ముకు దగ్గరగా చేయి పెట్టి వేడి చూడండి. ఒక్కటే బాగా కాలిపోతుంటే దాని స్టార్ వీల్ ఇంకొంచెం వదులు చేసి మళ్లీ నడపండి.