పరాయి చేలో నడిచే హక్కు

ఇంగ్లండుకు వచ్చిన తొలి వసంతంలో ఊరు దాటి నడుస్తుంటే ఒక గేటు ఎదురైంది. పక్కనున్న కొయ్య స్తంభం మీద ‘పబ్లిక్ ఫుట్‌పాత్’ అని చెక్కి ఉంది. అవతల ఎవరిదో గోధుమ చేను, దాని చివర ఎవరిదో ఇల్లు. అడుగు పెట్టడానికి మనసొప్పక వెనక్కి వచ్చేశాను. మీరు ఆ పని చేయకండి.

ఇక్కడ ఫుట్‌పాత్ అంటే రోడ్డు పక్కన నడిచే చోటు కాదు, దాన్ని పేవ్‌మెంట్ అంటారు. ఫుట్‌పాత్ అంటే సొంత భూముల మీదుగా జనం నడవడానికి చట్టం గుర్తించిన దారి. భూమి రైతుదే, దారి అందరిదీ. ఇంగ్లండు, వేల్స్‌లలో ఇటువంటి హక్కు దారులు సుమారు 2,25,000 కిలోమీటర్లు ఉన్నాయి. చేను మధ్యగా పోయే ఫుట్‌పాత్‌ను రైతు దున్నినా, తిరిగి నడవడానికి వీలుగా దారి చేసివ్వాలి. పంట తొక్కుతామేమోనని గట్టు వెంబడి చుట్టూ తిరిగి వెళ్లడం మర్యాదని మనకు తోస్తుంది. నిజానికి హక్కు ఉన్నది ఆ దారి మీదే. గట్టుకు మళ్లితేనే పరాయి భూమిలోకి వెళ్లినట్టు. దారి సన్నగా ఉంటే ఒకరి వెనుక ఒకరు నడవండి.

స్తంభాల మీద బాణాలు ఉంటాయి. పసుపు బాణం నడిచేవారిది, నీలం దారిలో గుర్రాలు, సైకిళ్లు కూడా వస్తాయి. ఓక్ కాయ బొమ్మ కనిపిస్తే మీరు నేషనల్ ట్రెయిల్ (అధికారికంగా గుర్తించిన దూర నడక దారి) మీద ఉన్నట్టు. కిస్సింగ్ గేటు దగ్గర మొదటిసారి అందరూ తికమక పడతారు. అర్ధచంద్రం లాంటి చిన్న ఆవరణలో ఊగే గేటు అది. లోపలికి జరిగి, మూలకు ఒదిగి, గేటును వెనక్కి తోసి, అటువైపు బయటపడాలి. వీపున పెద్ద సంచీ ఉంటే మాత్రం కాస్త కుస్తీ తప్పదు. మామూలు గేటు మూసి ఉంటే దాటాక మళ్లీ మూయండి.

నాకు వాన కంటే ఆవులంటేనే భయం. దూడలున్న మందకు దూరంగా, పరుగెత్తకుండా నడవాలి. వెంట కుక్క ఉంటే పశువుల దగ్గర పొట్టి పట్టీతో పట్టుకోండి. ఆవులు మీదికొస్తే మాత్రం వదిలేయండి, అది తప్పించుకోగలదు.

ఫోనునే నమ్ముకోవద్దు, లోయల్లో సిగ్నల్ ఉండదు. బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వారి ఎక్స్‌ప్లోరర్ మ్యాపు కొనండి. 1:25,000 కొలతలోని ఆ మ్యాపులో ఫుట్‌పాత్‌లు ఆకుపచ్చ గీతలుగా ఉంటాయి, ఏ కంచెకు ఏ వైపు నడవాలో కూడా తెలుస్తుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది కాబట్టి టార్చిలైటు ఉండాలి. కొండ మీద ప్రమాదం జరిగితే 999కి ఫోను చేసి, ముందు పోలీసులను, వారి ద్వారా మౌంటెన్ రెస్క్యూను అడగాలి. వచ్చేవారు స్వచ్ఛంద సేవకులు, డబ్బు తీసుకోరు.

దూర దారుల సంగతికొస్తే, మొదటే పెన్నైన్ వే జోలికి వెళ్లకండి. 1965లో మొదలైన ఆ తొలి నేషనల్ ట్రెయిల్ పొడవు 268 మైళ్లు, చాలాచోట్ల చిత్తడి నేల. 185 మైళ్ల థేమ్స్ పాత్ చాలావరకు చదును; చాలాచోట్ల రైల్వే స్టేషన్లు దగ్గరే, ఆదివారానికొక ముక్క చొప్పున నడవవచ్చు. ఆ తర్వాత వించెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా సౌత్ డౌన్స్ వే, సుమారు నూరు మైళ్లు. నైరుతి ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బీడు కొండల్లో కొన్ని భాగాల్లో తప్ప, ఇంగ్లండులో యజమాని అనుమతి లేకుండా గుడారం వేయకూడదు. స్కాట్లండ్ చట్టం వేరు, అక్కడ స్వేచ్ఛ ఎక్కువ.

ఆ గోధుమ చేలోకి మరుసటి నెల మళ్లీ వెళ్లాను. దారి నేరుగా ఆ ఇంటి వంటగది కిటికీ పక్కనుంచే పోతుంది. లోపల గిన్నెలు కడుగుతున్న పెద్దావిడ తలెత్తి చూసి, వంతెన దగ్గర బురదగా ఉంది, జాగ్రత్త అన్నారు.