సంక్రాంతి సెలవుల్లో నెట్‌వర్క్ స్విచ్ ముట్టుకునే ముందు

గత శనివారం రాత్రి ఒక ఆఫీసులో పాత రూటర్ తీసేసి ఫైర్‌వాల్ (రాకపోకలను వడపోసే పెట్టె) పెట్టారు. ఐపీ అదే, కేబుల్ అదే. స్విచ్ నుంచి ఫైర్‌వాల్‌కి పింగ్ వెళుతోంది, బయటికి మాత్రం ఏమీ పోవడం లేదు. తెల్లవారుజామున నాలుగింటికి నాకు ఫోన్ చేశారు. అప్పటికే ఫైర్‌వాల్ రూల్స్ మూడుసార్లు మార్చి చూశారట. తప్పు అక్కడ లేదు. స్విచ్‌లో ఎప్పుడో ఎవరో కొట్టిన ఒక్క లైనులో ఉంది: 'ఐపీ రూట్ 0.0.0.0 0.0.0.0 వీల్యాన్ 10'. అంటే బయటికి పోయేదంతా వీల్యాన్ 10 (స్విచ్‌లో విడదీసిన ఒక నెట్‌వర్క్) వైపు పంపమని.

చివర గేట్‌వే (బయటికి దారి ఇచ్చే పెట్టె) ఐపీ లేదు, ఇంటర్‌ఫేస్ పేరు ఉంది. ఇలా రాస్తే సిస్కో స్విచ్ బయటి అడ్రసులన్నీ ఆ వీల్యాన్‌లోనే ఉన్నాయనుకుంటుంది. 8.8.8.8కి వెళ్ళాలన్నా, అది ఎవరిదని ఆర్ప్‌లో (ఐపీని బట్టి మ్యాక్, అంటే హార్డ్‌వేర్ అడ్రసు, కనుక్కునే పద్ధతి) అడుగుతుంది. పాత సిస్కో రూటర్‌లో ప్రాక్సీ ఆర్ప్ (వేరేవాళ్ళ తరఫున జవాబివ్వడం) డిఫాల్టుగా ఆన్‌లో ఉంటుంది, కాబట్టి తన మ్యాక్ అడ్రసే జవాబుగా ఇచ్చేది. ఏళ్ళ తరబడి పని నడిచింది అందుకే. కొత్త ఫైర్‌వాల్ ఆ జవాబు ఇవ్వలేదు.

నడిచినన్నాళ్ళూ కూడా భారమే. వెళ్ళే ప్రతి బయటి ఐపీకీ ఆర్ప్ టేబుల్లో ఒక ఎంట్రీ చేరుతుంది, డిఫాల్టుగా 4 గంటలుంటుంది. 'షో ఐపీ ఆర్ప్' కొట్టి చూడండి. బయటి ఐపీలు వందల్లో ఒకే మ్యాక్‌తో కనబడితే మీ దగ్గరా ఇదే లైను ఉండి ఉంటుంది.

రూట్ చివర నెక్స్ట్ హాప్ ఐపీ, అంటే గేట్‌వే ఐపీ, రాయండి. ఇంటర్‌ఫేస్ పేరుతో ఆపకండి.

ముందు కొత్త రూట్ వేయండి, తర్వాతే పాతది తీయండి. దూరం నుంచి చేస్తుంటే మొదట 'రీలోడ్ ఇన్ 10' కొట్టండి. లైన్ తెగినా పది నిమిషాల్లో స్విచ్ పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అందుకే టెస్ట్ అయ్యేదాకా సేవ్ చేయకండి. అంతా బాగుంటే 'రీలోడ్ క్యాన్సిల్' మరచిపోకండి.

'ఐపీ రూటింగ్' (స్విచ్ తనే దారులు ఎంచుకునే సెట్టింగ్) ఆన్‌లో ఉందా చూడండి. ఉంటే 'ఐపీ డిఫాల్ట్ గేట్‌వే' లైనును స్విచ్ పట్టించుకోదు.

చేత్తో వేసిన స్టాటిక్ ఆర్ప్ ఎంట్రీలు వెతకండి. వాటికి కాలం తీరదు. సర్వర్ కార్డు మారినా స్విచ్ పాత మ్యాక్‌కే పంపుతుంది.

బ్యాకప్ రూట్ ఉంది కదా అని ధీమా వద్దు. గేట్‌వే చచ్చినా ఇంటర్‌ఫేస్ అప్‌లో ఉంటే మొదటి రూట్ కదలదు. గేట్‌వే బతికుందో లేదో చూసే ట్రాకింగ్ పెట్టండి.

రూట్‌లోని మాస్క్ (ఏయే అడ్రసులకు వర్తిస్తుందో చెప్పే అంకెలు) మళ్ళీ చదవండి.

స్విచ్‌కి నేరుగా తగిలించే కన్సోల్ కేబుల్ పట్టుకున్న మనిషి అక్కడ లేకుండా మొదలుపెట్టకండి.

సేవ్ చేసే ముందు రూట్ లైన్లన్నీ ఒక్కొక్కటిగా చదవండి. నల్ 0 (వచ్చినదాన్ని పారేసే) లైను సంగతి వేరు, దాన్ని ముట్టుకోకండి. వీల్యాన్ పేరుతో ఆగిపోయిన లైను ఒక్కటి కనబడినా సేవ్ కొట్టకండి.