చైనా సముద్ర వివాదాల్లో ప్రజాగ్రహాన్ని అంచనా వేయడం ఎలా?

అనంతపురంలో గ్రూప్స్‌కూ సివిల్స్‌కూ చదువుతున్న పిల్లల జవాబుపత్రాలు దిద్దేటప్పుడు నాకు రెండు తొందరపాట్లు తరచుగా ఎదురవుతాయి. చైనా వీధుల్లో నిరసన జరిగితే ప్రజాగ్రహమే ప్రభుత్వాన్ని నడిపిందని కొందరు, అదంతా ప్రభుత్వమే ఆడించిందని మరికొందరు తేల్చేస్తారు. ఏదో ఒక పక్షం తీసుకునే ముందు తేదీలు చూడండి.

ప్రతి వివాదానికీ మూడు తేదీలు రాసుకోండి: గొడవ మొదలైన రోజు, జనం రోడ్డెక్కిన రోజు, పోలీసులు వారిని ఆపిన రోజు. అన్నింటికన్నా ఎక్కువ చెప్పేది మూడోదే. చైనా తనవిగా చెప్పుకునే సెంకాకు దీవుల్లో మూడింటిని 2012 సెప్టెంబరు 11న జపాన్ ప్రభుత్వం ప్రైవేటు యజమాని నుంచి కొన్నది. చైనా నగరాల్లో జపాన్ కార్లు, దుకాణాలు ధ్వంసమయ్యాయి. మంచూరియాపై జపాన్ దాడికి దారితీసిన 1931 నాటి ఘటన వార్షికదినమైన సెప్టెంబరు 18 దాటగానే అధికారులు నిరసనలను కట్టడి చేశారు. అయినా ఆ దీవుల చుట్టూ చైనా గస్తీ నౌకలు తిరగడం మానలేదు. వీధి చల్లబడినా విధానం చల్లబడలేదన్నమాట.

దీని పక్కన 2016ను పెట్టండి. దక్షిణ చైనా సముద్రంలో తన హద్దుగా చైనా పటాల్లో గీసుకున్న తొమ్మిది గీతల లోపలి వనరులపై ఆ దేశం చెప్పుకునే చారిత్రక హక్కులకు చట్టబద్ధత లేదని జూలై 12న హేగ్‌లోని అంతర్జాతీయ మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్ ఫిలిప్పీన్స్ పక్షాన తీర్పిచ్చింది. చైనాలోని కొన్ని ఊళ్లలో, ఫిలిప్పీన్స్ మిత్రదేశమైన అమెరికాకు చెందిన కేఎఫ్‌సీ దుకాణాల ముందు నిరసనలు మొదలైతే, వాటిని ప్రభుత్వ పత్రికలే తప్పుపట్టాయి. ఫిలిప్పీన్స్ కొత్త అధ్యక్షుడు డుటెర్టే అక్టోబరులో బీజింగ్ వెళ్లారు. మాటలకు తలుపు తెరిచి ఉంచాలనుకున్నప్పుడు వీధిని మూసివేయడం అవసరమైందని నా అభిప్రాయం.

నిరసనలను అనుమతించడం వెనక లెక్క అర్థం కావాలంటే మన సీమ పల్లెల్లోని గట్టు తగాదాను తలచుకోండి. రచ్చబండ దగ్గర, తనవాళ్లందరి ఎదుట మాట విసిరిన మనిషి తర్వాత వెనక్కి తగ్గలేడు. ఆ సంగతి ఎదుటి రైతుకూ తెలుసు. జనాగ్రహాన్ని సాగనిచ్చే ప్రభుత్వం తన చేతులు తానే కట్టేసుకుని, ఆ కట్లను అవతలి దేశానికి చూపుతుంది. ఆ కోపం తనపైకే మళ్లే ప్రమాదం నిజమైనది కాబట్టే ఆ బెదిరింపుకు విలువ.

అవతలి దేశానికీ ఈ మూడు తేదీల పట్టికే వేయండి. 2014 మేలో, చైనా, వియత్నాం రెండూ తమవనే పారాసెల్ దీవుల దగ్గర చైనా చమురు రిగ్గు నిలిపినప్పుడు వియత్నాంలో కర్మాగారాలు తగలబడ్డాయి, జూలైలో రిగ్గు వెళ్లిపోయింది. అల్లర్ల వల్లే వెళ్లిందని రాయకండి. మూడు తేదీల పక్కన నాలుగో గడి గీసి, అందులో నౌకల కదలికలను తేదీలతో నింపాకే కారణం రాయండి.