నోరు చెప్పనిది: పాఠం 4 – చేయి ఎక్కడుంది?

పోయిన పాఠంలో స్టూలు లాక్కుని రోగి మంచం పక్కన కూర్చోవడం సాధన చేశారు. కూర్చున్నాక ఏం చూడాలన్నది ఈసారి. కొత్త హౌస్ సర్జన్లు, నర్సులు ముందు ముఖం చూస్తారు. నేను చేతులు చూడమంటాను. పక్కన కొడుకులు నిలబడి ఉంటే పెద్దాయన ముఖం సర్దుకుంటాడు. చేతిని సర్దుకోవాలని తోచదు.

యాభై దాటిన ఒకాయన వచ్చాడనుకోండి. "రాత్రి పెళ్లిభోజనం పడలేదండి, గ్యాస్ పట్టేసింది. ఏదన్నా మాత్ర రాసిస్తే వెళ్లిపోతా" అంటాడు. అంటూనే పిడికిలి బిగించి రొమ్ము మధ్యన ఆనిస్తాడు. గుండెనొప్పిని సూచించే దీన్ని లెవీన్ గుర్తు అంటారు. అమెరికా గుండె వైద్యుడు శామ్యూల్ లెవీన్ పేరు మీద వచ్చింది. గ్యాస్ సంగతి తర్వాత మాట్లాడవచ్చు, 10 నిమిషాల్లో ఈసీజీ తీసి చూడాలి.

అలాగని పిడికిలి కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. గుండెపోటు వచ్చినవాళ్లలో అరచేత్తో రొమ్ము రాసుకునేవాళ్లుంటారు, షుగరు ఉన్నవాళ్లకు నొప్పే తెలియకపోవచ్చు. ఒక్క వేలితో "ఇదిగో ఇక్కడేనండి" అని చూపిస్తే పక్కటెముకో కండరమో కావచ్చు. కానీ ఆ వేలిని నమ్మి ఈసీజీ మానేయకండి.

కడుపునొప్పిలో చేతితోపాటు ఒళ్లంతా చూడాలి. మూత్రనాళంలో రాయి ఇరుక్కున్న మనిషి ఒకచోట ఉండలేడు. లేస్తాడు, వంగుతాడు, దొర్లుతాడు. చేయి నడుము మీంచి గజ్జల వైపు జారుతుంది. పేగుకు చిల్లుపడి కడుపు లోపలి పొర వాచినవాడు మాత్రం కదలడు. మోకాళ్లు ముడుచుకుని, పొట్ట కదలకుండా పైపైన ఊపిరి తీస్తుంటాడు. అరిచేవాడి దగ్గరికి అందరూ పరుగెత్తుతారు, ఇతను మూల మంచం మీద ఉండిపోతాడు. "ప్రశాంతంగా ఉన్నాడు" అని కేస్ షీట్లో రాసేసినవాళ్లున్నారు, కొత్తలో నేనూ రాశాను. ఒకసారి దగ్గమనండి. దగ్గేముందు చేయి పొట్టను కాచుకోవడానికి వెళుతుందేమో చూడండి.

ఈ వారం సాధన: ఓపీలో రోజుకు ఐదుగురి దగ్గర "ఏమైందండి?" అని అడిగాక పెన్ను కింద పెట్టి, కంప్యూటర్ మీంచి చూపు తిప్పి, అర నిమిషం చేతులే చూడండి. చూసింది చీటీ మీద రెండు ముక్కల్లో రాసుకోండి: పిడికిలి, వేలు, అరచేయి. పేరు రాయొద్దు. జబ్బేమిటో తేలాక చీటీతో పోల్చండి. తప్పయిన చీటీలు పారేయకండి, వచ్చే పాఠంలో వాటితోనే మొదలుపెడదాం. ఆ తర్వాత, అత్తగారు మాట్లాడుతుంటే కోడలి చూపు ఎటు పోతుందో చూద్దాం.