మీ ఆటకి ఏ చెస్ ఓపెనింగ్ నప్పుతుందో ఎలా తెలుసుకోవాలి

మనలో చాలామంది ఓపెనింగ్‌ని, అంటే ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరసని, హీరోని చూసి ఎంచుకుంటారు, ప్రపంచ ఛాంపియన్లు ఫిషర్ ఆడాడు కాస్పరోవ్ ఆడాడు అని నేనూ నల్లపావులతో ఆడే సిసిలియన్ నైడార్ఫ్ పట్టుకుని ఆర్నెల్లు ఆడా, ఐదో ఎత్తు ఏ6 (ఏ నిలువు వరసలో ఆరో గడికి బంటు తోయడం) దాకా బానే ఉండేది, తర్వాత అవతలోడు బిషప్‌ని జీ5కి తెస్తే ఇక నాకు చెమటలే.

అందుకే ముందు మీరు ఆడిన గేమ్స్ ఓ ముప్పై తీసి చూడండి. మనం అటాకింగ్ ప్లేయర్ అని మనకి మనమే అనుకుంటాం గానీ క్వీన్లు పోయాక గెలిచినవే ఎక్కువుంటే మీ స్టైల్ వేరే అన్నమాట. 2000లో లండన్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లో క్రామ్నిక్ చేసింది ఇదే, కాస్పరోవ్ అటాక్ జోలికి పోకుండా నల్లపావులతో బెర్లిన్ డిఫెన్స్ ఆడి ఎనిమిదో ఎత్తుకే క్వీన్లు మార్చేసుకున్నాడు, మ్యాచ్ మొత్తంలో కాస్పరోవ్ ఒక్క గేమ్ కూడా గెలవలేదు.

దూకుడు ఇష్టమైతే తెల్లపావులతో ఈ4 ఆడండి, ఇటాలియన్ (మూడో ఎత్తుకి బిషప్‌ని సీ4కి తెచ్చే ఓపెనింగ్) చాలు. కింగ్స్ గాంబిట్ సరదాగానే ఉంటది కానీ రెండో ఎత్తుకే ఎఫ్4 తోసి మన రాజు తలుపు మనమే తీసినట్టు, బంటు పోయిందని కంగారుపడేవాళ్ళు వద్దు. చదివే టైమ్ లేనోళ్ళకి లండన్ సిస్టమ్, డీ4, బిషప్ ఎఫ్4, ఈ3, సీ3, దాదాపు ఎప్పుడూ అదే అమరిక. అలాగని కళ్ళు మూసుకుని ఆడితే అవతలోడు సీ5 తోసి క్వీన్‌ని బీ6లో పెడతాడు, బీ2 బంటు గోవిందా.

ఇక నల్లపావులతో ఈ4కి ఏం ఆడాలంటే, కారో-కాన్‌కీ ఫ్రెంచ్‌కీ తేడా అంతా ఒక్క బిషప్‌లో ఉంది. కారోలో సీ6 ఆడతాం కాబట్టి సీ8 బిషప్‌కి దారి ఉంటది, తెల్లోడు ఈ5 తోస్తే ఎఫ్5కి వచ్చేస్తది. ఫ్రెంచ్‌లో ఈ6 తోయగానే అది మన బంట్ల వెనకే ఇరుక్కుపోద్ది, సీ5 తోసి డీ4ని కొట్టుకుంటూ ఓపిగ్గా లాక్కురావాలి. ఇరుకులో ఊపిరాడనోళ్ళు కారో తీసుకోండి. డీ4కి అయితే క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్ సేఫ్, సెంటర్ అవతలోడికి వదిలేసినా భయం లేదంటే కింగ్స్ ఇండియన్.

ఏది తీసుకున్నా ఇరవై గేమ్స్ దాకా మార్చొద్దు, బ్లిట్జ్‌లో (మూడు నుంచి ఐదు నిమిషాల స్పీడ్ గేమ్స్) కాదు, కనీసం పదిహేను నిమిషాలవి. గేమ్ అవ్వగానే పన్నెండో ఎత్తు దగ్గర ఆపి చూడండి, అక్కడ ఏం చెయ్యాలో మీకు తోచిందా లేదా. తోచలేదా, గెలిచిన గేమ్ అయినా సరే, ఆ ఓపెనింగ్ మీది కాదు.